అరవై ఏడేళ్ల వయసులో సీనియర్ సిటిజన్ల ఫ్లాటు కొనవచ్చా, తెనాలి ఇంట్లోనే ఉండిపోవచ్చా?

ప్రశ్న: తెనాలి మాస్టారు

అందరికీ నమస్కారం. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఆర్థికశాస్త్రం చెప్పి 2018లో పదవీ విరమణ చేశాను. ముప్పై ఏళ్లు పిల్లలకు గిరాకీ, సరఫరా సూత్రాలు నేర్పినవాడిని, నా సొంత డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఎటూ తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

తెనాలిలో 1994లో కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు ఉంది. మేము పై వాటాలో ఉంటాం, కింది వాటా అద్దెకు ఇచ్చాం. మధ్యలో పదిహేడు మెట్లు. నా భార్యకు అరవై మూడేళ్లు. నిరుడు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ జరిగింది. రోజూ కిందికి దిగి తులసికోటకు నీళ్లు పోసే మనిషి, ఇప్పుడు తులసిని కుండీలో పెట్టించి పైకి తెప్పించుకుంది. అబ్బాయి డాలస్‌లోనూ అమ్మాయి బెంగళూరులోనూ ఉంటారు. నాకు నెలకు 58 వేల పింఛను వస్తుంది.

2004లో 4 లక్షలకు కొన్న 240 గజాల స్థలాన్ని 2025 ఆగస్టులో 72 లక్షలకు అమ్మాను. ఆ డబ్బుతో శంకరపల్లి వైపు కడుతున్న సీనియర్ సిటిజన్ల సముదాయంలో రెండు పడకగదుల ఫ్లాటు కొనమని అబ్బాయి అంటున్నాడు. ధర 67 లక్షలు. ముప్పై నెలల్లో ఇస్తారట. భోజనం, నర్సు, గది శుభ్రం చేయడం అన్నీ కలిపి ఇద్దరికీ నెలకు 38 వేలు, అది ఏటా 8 శాతం చొప్పున పెరుగుతుందని కాగితాల్లో ఉంది. పైగా పన్ను మిగులుతుందని, దేశంలో ముసలివాళ్లు పెరుగుతున్నారు కాబట్టి ఫ్లాటు ధర కూడా పెరుగుతుందని వాడి లెక్క. తెనాలి ఇల్లు కూడా ఇప్పుడే తన పేరున రాసేస్తే తర్వాత తిరగాల్సిన పని ఉండదని అంటున్నాడు. వాడి మాటలో దురాశ లేదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు, ఎందుకు ఒప్పుకోవడం లేదో నాకే స్పష్టంగా తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: లెక్కలాయన (హైదరాబాద్, చార్టర్డ్ అకౌంటెంటు)

మాస్టారూ, ముందు పన్ను సంగతి చూద్దాం. మీ అబ్బాయి వాదనలో గట్టిగా కనిపిస్తున్నది అదే, లెక్క వేస్తే తేలిపోయేదీ అదే.

స్థలం 2024 జులై 23కు ముందు కొన్నది కాబట్టి, భారత్‌లో నివసించే మీకు రెండు దారులున్నాయి. ధరల పెరుగుదలను చూపే ద్రవ్యోల్బణ సూచీని లెక్కలోకి తీసుకోకుండా, అమ్మగా వచ్చిన లాభం మీద 12.5 శాతం కట్టవచ్చు, లేదా సూచీ ప్రకారం కొన్న ధరను పెంచుకుని 20 శాతం కట్టవచ్చు. 2004-05 సూచీ 113, 2025-26 సూచీ 376. ఆ లెక్కన మీ 4 లక్షలు 13.3 లక్షలవుతాయి, మిగిలిన 58.7 లక్షల మీద 20 శాతం అంటే 11.7 లక్షలకు పైనే. మొదటి దారిలో 68 లక్షల మీద 12.5 శాతం, అంటే 8.5 లక్షలు. ఆ ఏడాది మీ ఆదాయం 50 లక్షలు దాటుతుంది కాబట్టి సర్‌ఛార్జీ, ఆపైన సెస్సు కలుపుకుంటే సుమారు 9.7 లక్షలు అవుతుంది. కొన్నవారు మినహాయించిన ఒక శాతం టీడీఎస్, అంటే 72 వేలు, ఇందులో సర్దుబాటవుతుంది.

ఇల్లు కాని ఆస్తిని అమ్మి ఇల్లు కొంటే ఈ పన్ను తప్పించుకోవచ్చు. అయితే లాభం ఒక్కటే పెడితే సరిపోదు, అమ్మిన సొమ్మంతా పెట్టాలి. కొత్తదాన్ని మినహాయిస్తే మీకు ఒక ఇంటికి మించి ఉండకూడదు. మీకు తెనాలి ఇల్లు ఒక్కటే కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అమ్మిన తేదీకి ఏడాది ముందు గానీ తర్వాత రెండేళ్లలో గానీ కొనాలి, కట్టించుకునేదైతే మూడేళ్లలో పూర్తి కావాలి. మీ గడువు 2028 ఆగస్టు. ముప్పై నెలల్లో ఇస్తామన్న బిల్డరు ఆరు నెలలు ఆలస్యం చేశాడనుకోండి, మీరు ఆదాయపు పన్ను శాఖతో ఉత్తర ప్రత్యుత్తరాలు మొదలుపెట్టాల్సి వస్తుంది. రిటర్ను వేసే గడువులోగా ఖర్చు చేయని సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. కొన్న తర్వాత మూడేళ్ల లోపు అమ్మితే మినహాయింపు వెనక్కి పోతుంది. ఫ్లాటు అబ్బాయి పేరున కొంటే మినహాయింపే వివాదంలో పడుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు మీద 5 శాతం జీఎస్టీ, అంటే 3.35 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే దాదాపు 5 లక్షలు. మొత్తం 8.4 లక్షలు. మిగిలే పన్ను 9.7 లక్షలు. అంటే 75 లక్షలు ఒకచోట కట్టిపడేసి మీరు నికరంగా మిగుల్చుకునేది లక్షా ముప్పై వేలు. పన్ను కోసం ఇల్లు కొనడం ఎప్పుడూ తప్పని నేను అనను గానీ, మీ విషయంలో పన్ను ఒక కారణంగా నిలబడదు.

పన్ను కట్టేస్తే మీ చేతిలో 62 లక్షలు ఉంటాయి. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో ఒక్కొక్కరి పరిమితి 30 లక్షలు. మీరిద్దరూ కలిసి 60 లక్షలు వేస్తే ఇప్పటి 8.2 శాతం రేటున మూడు నెలలకు ఒకసారి 1,23,000 వస్తుంది, అంటే నెలకు 41 వేలు. ఆ రేటు అయిదేళ్ల పాటు మారదు. మీ భార్య పేరున వేసినది మీ డబ్బే కాబట్టి ఆ వడ్డీని మీ ఆదాయంలోనే కలిపి చూపాలి, అది మరచిపోకండి. ఈ 41 వేలతో శంకరపల్లి సముదాయం పూర్తయ్యాక అక్కడైనా, ఈలోగా మరోచోట అయినా అద్దెకు ఉండవచ్చు, నచ్చకపోతే నెల రోజుల నోటీసుతో బయటికి రావచ్చు.

జవాబు 2: నెల్లూరమ్మాయి (కోయంబత్తూరు అనుభవం)

మాస్టారు గారూ, మా అమ్మానాన్నలు 2017లో కోయంబత్తూరు శివార్లలో ఇలాంటి సముదాయంలో ఫ్లాటు కొనుక్కున్నారు. ఆ ఊళ్లో ఇలాంటివి చాలా ఉన్నాయి, దక్షిణాదిలో ముందుగా ఇవి పెరిగిన చోట్లలో అదొకటి. పేరు చెప్పను, ఎందుకంటే వాళ్ల మీద నాకున్నది కోపం ఒక్కటే కాదు.

మంచి ముందు చెబుతాను. 2019లో ఒక రాత్రి రెండు గంటలకు నాన్న స్నానాలగదిలో జారిపడ్డారు. గోడకున్న ఎర్ర తాడు లాగితే పది నిమిషాల లోపే నర్సు వచ్చింది, అరగంటలో అంబులెన్సు వచ్చింది. నెల్లూరు ఇంట్లో అయితే అమ్మ పక్కింటి తలుపు కొట్టి, ఆ ఇంటివారు లేచి, వాళ్ల అబ్బాయి కారు తీసేసరికి తెల్లారేది. ఆ ఒక్క రాత్రికి మేము పెట్టిన డబ్బంతా చెల్లిపోయిందని నాన్న అనేవారు. భోజనంలో గోంగూర లేదని, అక్కడి వంటవాళ్ల పప్పులో పులుపు ఉండదని మాత్రం చివరి దాకా గొణుక్కున్నారు. నెలకోసారి నేను పంపే ఆవకాయ జాడీ వాళ్ల వరండాలో నలుగురు తెలుగు కుటుంబాల ఉమ్మడి ఆస్తి.

ఇక రెండో వైపు. నాన్న 2021లో పోయారు. ఒక్కరే ఉంటే రుసుము సగం అవుతుందని మేము అనుకున్నాం, కానీ ఒప్పందంలో ఒంటరి మనిషికి మూడింట రెండు వంతులు అని ఉంది. అమ్మకు మతిమరుపు మొదలయ్యాక, పూర్తికాలం సహాయకురాలిని మీరే పెట్టుకోవాలని, లేకపోతే ఆమెను ఉంచుకోవడం కష్టమని నిర్వాహకులు చెప్పారు. 'స్వతంత్రంగా తన పనులు తాను చేసుకోగల వృద్ధులకు' అనే మాట మా ఒప్పందం మూడో పేజీలో ఉంది, మేము ఆ పేజీని చూసి సంతకం పెట్టామే గానీ చదవలేదు. చివరికి అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఖాళీగా ఉన్న ఫ్లాటుకు కూడా నెలనెలా నిర్వహణ రుసుము కట్టాల్సి వచ్చింది. అమ్మకానికి పెడితే, కొనేవారికి యాభై అయిదేళ్లు నిండాలనే నిబంధన ఉంది, బదిలీ రుసుము ఉంది. పద్నాలుగు నెలలకు గానీ కొనేవారు దొరకలేదు. కొన్న ధర కంటే ఎక్కువే వచ్చింది గానీ, అదే డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే దానికంటే తక్కువే.

వృద్ధుల సంఖ్య పెరుగుతుంది కాబట్టి ధర పెరుగుతుందన్న మాట మాకూ బ్రోచర్‌లో చెప్పారు. 2011 జనగణనలో అరవై దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు, 2050 నాటికి జనాభాలో అయిదో వంతు దాటుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదికలో అంచనా వేసింది. సంఖ్యలు నిజమే. కానీ ఆ కోట్లమందిలో 67 లక్షలు పెట్టి ఫ్లాటు కొని, నెలకు 38 వేలు కట్టగలిగిన వారు ఎందరు? పైగా ఒకే సముదాయంలో ఒకే ఏడాది కొన్నవారంతా ఇంచుమించు ఒకే వయసువారు. వాళ్ల పిల్లలంతా అమ్మకానికి పెట్టేది కూడా ఇంచుమించు ఒకే కాలంలో. ఇది ఆర్థికశాస్త్రం మాస్టారికి నేను చెప్పాల్సిన సంగతి కాదు.

ఒక్క సలహా. కొనే ముందు, ఇప్పటికే నడుస్తున్న ఇలాంటి సముదాయంలో మూడు నెలలు అద్దెకు ఉండండి, అందులో ఒక నెల వానాకాలంలో పడేలా చూసుకోండి.

జవాబు 3: సివిల్ ఇంజినీరు (విజయవాడ)

అందరూ ఫ్లాటు గురించే మాట్లాడుతున్నారు. మాస్టారి ప్రశ్నలోనే ఒక జవాబు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కింది వాటా మీదే కదండీ. అద్దెకున్నవారికి మూడు నెలల గడువిచ్చి, వారిని పైకి మార్చండి లేదా పై వాటాను కొత్తవారికి ఇవ్వండి. మీరు కిందికి దిగండి. పదిహేడు మెట్ల సమస్య ఆ రోజుతో పోతుంది.

కింద కూడా పని ఉంటుంది. 1994 నాటి ఇళ్లలో స్నానాలగది తలుపు సాధారణంగా రెండున్నర అడుగులు, కొన్నిచోట్ల అంతకంటే తక్కువ. చక్రాల కుర్చీ తిరగాలంటే కనీసం మూడడుగుల ద్వారం కావాలి, కాబట్టి ఆ గోడ కొంత కొట్టి, ద్వారం పైన గోడ బరువు మోసే లింటెల్ మార్చాలి. గదికీ స్నానాలగదికీ మధ్య నీళ్లు రాకుండా కట్టే నాలుగంగుళాల గడప తీసేసి, గచ్చుకు లోపలి వైపు వాలు ఇచ్చి, అంచున జాలీ ఉన్న పొడవాటి నీటి కాలువ పెట్టాలి. మా దగ్గరికి వచ్చే వృద్ధులు పడేది మెట్ల మీద కంటే ఆ గడప దగ్గరే ఎక్కువ. నున్నటి గ్లేజ్ టైల్స్ తీసి గరుకు టైల్స్ వేయించండి. కమోడ్ పక్కన, షవర్ పక్కన స్టీలు కమ్మీలు బిగించాలి. అవి టైల్స్ మీద అతికించే రకం కాకుండా ఇటుకలోకి బోల్టు దిగే రకం కావాలి, ఎందుకంటే జారిన మనిషి బరువంతా ఒక్క క్షణంలో దాని మీద పడుతుంది. మోకాళ్ల ఆపరేషన్ అయినవారికి కమోడ్ ఎత్తు గచ్చు నుంచి పద్దెనిమిది, పంతొమ్మిది అంగుళాలు ఉంటే లేవడం తేలిక.

వీధి వాకిలి దగ్గర ర్యాంపు అంటే చాలామంది రెండు మెట్ల మీద సిమెంటు పోసి వదిలేస్తారు. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మీ వాకిలికి ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే ఒకటిన్నర అడుగు ఎత్తు, అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు. ముందు వైపు అంత చోటు ఉండదు. ఇంటి పక్క సందులోంచి వంటగది తలుపు దాకా తీసుకెళితే సరిపోతుంది. మొత్తం పని ఆరేడు వారాలు, నాలుగు లక్షల లోపే తేలుతుంది. ఇంతకంటే ఎక్కువ చెప్పేవారు మీకు ఫాల్స్ సీలింగ్ కూడా అమ్ముతున్నారని అర్థం.

శంకరపల్లి ఫ్లాటు చూడటానికి వెళితే మాత్రం టేపు తీసుకెళ్లండి. లిఫ్టు లోపలి లోతు కొలవండి, ఇంకా పెట్టకపోతే ప్లానులో చూడండి. స్ట్రెచర్ పట్టకపోతే బయట ఏ పేరు రాసినా అది మామూలు అపార్ట్‌మెంటే. కరెంటు పోయినప్పుడు జనరేటరు లిఫ్టును నడుపుతుందా, వరండా దీపాలను మాత్రమేనా అని కూడా అడగండి.

జవాబు 4: రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు (గుంటూరు)

ఇల్లు అబ్బాయి పేరున రాయవద్దు. వీలునామా రాసి రిజిస్టరు చేయించండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. దాన దస్తావేజు ఒకసారి రిజిస్టరయితే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో 23వ సెక్షన్ ఉంది కదా, పిల్లలు చూడకపోతే దస్తావేజు రద్దవుతుంది కదా అంటారు. ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు ఆ అధికారం ఉన్న మాట నిజమే. కానీ తల్లిదండ్రులను చూసుకోవాలన్న షరతు ఆ బదిలీలో ఉండాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోసం ఉదారంగా చదవాలని చెప్పింది. నేను చేసిన కాలంలో కార్యాలయానికి వచ్చిన పత్రాల్లో ఎక్కువ వాటిలో 'ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను' అనే మాట తప్ప షరతు అన్నది కనిపించేది కాదు. తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే, చూసుకునే షరతును విడిగా రాయించి, మీకూ మీ భార్యకూ జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కును, అద్దె అనుభవించే హక్కును దస్తావేజులోనే నిలుపుకోండి. అబ్బాయి ఎంత మంచివాడైనా ఇదే చెబుతాను. అతని అప్పులవాళ్లు, విడాకుల లాయర్లు మంచివాళ్లు కావాలని లేదు కదా.

ఇంకొక మాట. తెనాలి ఇల్లు మీ పేరున, మీరు ఉంటున్నదిగా ఉన్నంత కాలం, డబ్బుకు ఇబ్బంది వస్తే రివర్స్ మార్ట్‌గేజ్ దారి కూడా తెరిచి ఉంటుంది. 2007 బడ్జెట్‌లో ప్రకటించిన పథకం అది. ఇల్లు తనఖా పెట్టుకుని బ్యాంకే మీకు నెలనెలా ఇస్తుంది, మీరు బతికున్నంత కాలం ఆ ఇంట్లోనే ఉండవచ్చు, తర్వాత వారసులు బాకీ తీర్చి ఇల్లు తీసుకోవచ్చు. మన ఊళ్లలో తీసుకునేవారు అరుదు, ఇల్లు తనఖా పెట్టడమంటే పరువు పోయినట్టు చూస్తారు. కానీ పెద్ద ఖర్చు వచ్చిన రోజున ఆ తలుపు ఉందని తెలిసి ఉండటం మంచిదే.

జవాబు 5: లెక్కలాయన (మళ్లీ)

మాస్టారూ, ఒక్క అంకె చెప్పడం మరచాను. ఏటా 8 శాతం పెరిగితే నెలకు 38 వేలు ఆరేళ్లు నిండేసరికి 60 వేలు దాటుతుంది, పదేళ్లకు 82 వేలవుతుంది. మీ పింఛనుకు కరువు భత్యం కలుస్తుంది గానీ ఈ వేగాన్ని అందుకుంటుందని నేను అనుకోను. ఫ్లాటు ధర ఒక్కసారి కట్టేది, ఈ రుసుము మీరిద్దరూ ఉన్నంత కాలం కట్టేది. బేరం ఆడాల్సింది దీని మీద, 67 లక్షల మీద కాదు.

ఇళ్లు కట్టి అమ్మేవారిని నియంత్రించే రెరా చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని చూస్తారు, చూడాలి కూడా. ఒప్పందం రిజిస్టరు కాకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని, కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలని ఆ చట్టం చెబుతుంది. కానీ రెరా కాపాడేది గోడలను. ఫ్లాటు చేతికి వచ్చాక నర్సు రాకపోతే, వంటవాడు మారితే, సేవల కంపెనీ వెళ్లిపోతే ఏమిటన్నది విడి ఒప్పందం మీద ఆధారపడుతుంది. బిల్డరు, సేవల సంస్థ, కొనుగోలుదారు ముగ్గురూ కలిసి సంతకం చేసే ఒప్పందం ఉండాలని కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లో ఇచ్చిన నమూనా మార్గదర్శకాలు చెప్పాయి. అవి సలహాలే, వాటిని అమలు చేయడం రాష్ట్రాల ఇష్టం. మీ అబ్బాయి పంపిన కాగితాల్లో ఆ మూడో సంతకానికి చోటు ఉందో లేదో చూడండి.

తెనాలి మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. కాగితాలు మళ్లీ తీసి చదివాను. సంతకాలకు రెండే చోట్లు ఉన్నాయి. ఒంటరి మనిషికి రుసుము ఎంతో అసలు రాయలేదు. మతిమరుపు గురించి ఏమీ లేదు, 'స్వతంత్రంగా' అనే మాట మాత్రం నెల్లూరమ్మాయి చెప్పినట్టే ఉంది, మూడో పేజీలో కాదు, తొమ్మిదో పేజీలో.

నిన్న రాత్రి ఈ జవాబులన్నీ అబ్బాయికి చదివి వినిపించాను. జీఎస్టీ, రిజిస్ట్రేషన్ లెక్క దగ్గర వాడు కాసేపు మాట్లాడలేదు. దస్తావేజు సంగతి వచ్చినప్పుడు కొంచెం నొచ్చుకున్నాడు గానీ, 'అలాగే వీలునామా రాయండి నాన్నా, చెల్లి వాటా కూడా అందులోనే రాయండి' అన్నాడు. ఆ రెండో మాట నేను వాడి నోట వింటాననుకోలేదు.

కింది వాటాలో ఉన్నవారితో మాట్లాడాను. వాళ్ల పిల్ల పదో తరగతి పరీక్షలు అయ్యాక, ఏప్రిల్‌లో పై వాటాకు మారతామన్నారు. ఇంజినీరు గారూ, ఇంటి పక్క సందు వెడల్పు కొలిచాను, మూడడుగుల తొమ్మిది అంగుళాలు ఉంది. మధ్యలో మోటారు షెడ్డు ఒక అడుగు ముందుకు వచ్చింది. దాన్ని దొడ్డి వైపు జరిపితే బోరు పైపు కూడా మార్చాల్సి వస్తుందా, షెడ్డు అక్కడే ఉంచి ర్యాంపును ఆ ఒక్క చోట సన్నం చేస్తే కుర్చీ పడుతుందా?